థియేటర్లో "ఆయ్" అంటే చాలదండీ: ఆపరేషన్ టీమ్ మాట్లాడుకోవాల్సిన పద్ధతి, పొద్దున లిస్టు నుంచి రాత్రి వార్డు దాకా

మా గోదావరి వైపు ఏమడిగినా "ఆయ్" అంటాం. విన్నామని చెప్పడానికి ఆయ్, సరేనని చెప్పడానికి ఆయ్, అర్థం కాకపోయినా ఎదురుగా ఉన్నది పెద్దవాళ్లు కాబట్టి ఆయ్. పెళ్లి పందిట్లో వినడానికి ముద్దుగానే ఉంటుంది. ఆపరేషన్ థియేటర్లో ఈ ఒక్క మాట ఎంత ముప్పు తెస్తుందో మాత్రం ఇరవై రెండేళ్లుగా థియేటర్ సిస్టర్‌గా చేస్తున్నాను కాబట్టి నాకు తెలుసు. మొదట పాలకొల్లు, తర్వాత భీమవరం, ఇప్పుడు కోనసీమ. అన్నీ చిన్న నర్సింగ్ హోములే, పాతిక ముప్పై మంచాలవి.

మా దగ్గర టీమ్ అంటే ఏమిటో ముందు చెబుతాను. సర్జన్ గారు రాజమండ్రి నుంచి కారులో వస్తారు. మత్తు డాక్టర్ గారు పక్క ఊళ్లో సిజేరియన్ ముగించుకుని, ఇంకో ఊళ్లో హెర్నియాకి టైమ్ ఇచ్చి, మధ్యలో మా దగ్గర దిగుతారు. సామాన్లు అందించే సిస్టర్ చేరి నెలన్నర. థియేటర్ బాయ్ ఒక్కడే పాతవాడు. ఈ నలుగురూ ఆ రోజుకి మొదటిసారి కలుసుకునేది మాస్కులు కట్టుకున్నాక, టేబుల్ చుట్టూ. ఎవరి పనిలో వాళ్లు గట్టివాళ్లే, అందులో అనుమానం లేదు. కానీ ఒకరి తలలో ఉన్నది ఇంకొకరికి తెలియదు. ఈ రాసేది అలాంటి చోట పనిచేసేవాళ్ల కోసం.

"మాటల వల్ల ప్రాణాలు నిలుస్తాయా సిస్టర్?" అని ఒక కుర్ర డాక్టర్ గారు నన్ను అడిగారు. నిలుస్తాయి, లెక్కలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్లకి 19 అంశాల చెక్‌లిస్టు ఒకటి ఇచ్చింది. ఢిల్లీలోని ఒక ఆసుపత్రితో కలిపి ఎనిమిది దేశాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో వాడి చూశారు, ఫలితాలు 2009 జనవరిలో అచ్చయ్యాయి. ఆపరేషన్ తర్వాత చనిపోయేవాళ్లు నూటికి 1.5 నుంచి 0.8కి, పెద్ద కాంప్లికేషన్లు 11 నుంచి 7కి తగ్గాయి. ఇది విని కాగితం ప్రింటు తీసి గోడకి అంటించేస్తే పనైపోతుందా అంటే, అదీ కాదు. కెనడాలో ఒంటారియో రాష్ట్రం 101 ఆసుపత్రుల్లో ఇదే చెక్‌లిస్టు పెట్టించింది, 2014లో లెక్క తీస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎందుకని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మట్టుకు నాకు కారణం మా ఊళ్లోనే కనిపిస్తుంది. కేసు అయిపోయాక టీ తాగుతూ అన్ని గళ్లలో టిక్కులు కొట్టేసే సిస్టర్లని చూశాను, నేనూ కొట్టాను. టిక్కు పెట్టడం వేరు, నోరు తెరిచి అడగడం వేరు.

పొద్దున్నే, బోర్డు దగ్గర

మొదటి కేసు లోపలికి తీసుకెళ్లకముందు అయిదు నిమిషాలు అందరూ ఆ రోజు కేసులు రాసే బోర్డు దగ్గర నిలబడాలి, థియేటర్ బాయ్‌తో సహా. అందరూ ఒకేసారి దొరకరు, మత్తు డాక్టర్ గారు దారిలో ఉంటారు. అలాంటప్పుడు మేం ఫోన్ స్పీకర్లో పెడతాం. ప్రతి కేసుకీ మూడే ప్రశ్నలు: ఈవిడ విషయంలో మామూలుకి భిన్నమైనది ఏముంది, ఏ సామాను తక్కువుంది, ఏదైనా అడ్డం తిరిగితే ఎవరు ఏం చేస్తారు. గాలివాన రోజుల్లో వీటికి జనరేటర్లో డీజిల్ ఎంతుందనేది కూడా కలపండి. తుఫానుకి కరెంటు పోతే రెండు రోజుల దాకా రాని ఊళ్లు మనవి.

రక్తం గురించి మాత్రం విడమర్చి అడగాలి. "బ్లడ్ చెప్పారా?" అనేది మన దగ్గర అందరూ అడిగే ప్రశ్న, "ఆయ్, చెప్పామండి" అనేది అందరూ ఇచ్చే జవాబు. ఒకసారి గర్భసంచి తీసే కేసులో సరిగ్గా ఇలాగే అడిగారు, ఇలాగే చెప్పాం. రక్తం పోవడం మొదలయ్యాక సర్జన్ గారు "బ్లడ్ పెట్టండి" అంటే అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వార్డు సిస్టర్ "చెప్పాం" అన్నది పేషెంటు వాళ్లకి తెమ్మని చెప్పాం అని. సర్జన్ గారికి అర్థమైంది బ్యాగు ఫ్రిజ్‌లో ఉందని. ఆ బ్యాగు పట్టుకున్న అబ్బాయి అప్పటికి గోదావరి అవతల రేవులో పంటు పడవ కోసం నిలబడి ఉన్నాడు. ఆవిడ బాగానే బయటపడింది, మా అదృష్టం. అప్పటి నుంచీ మా బోర్డు మీద రక్తానికి మూడు గళ్లు: అడిగాం, క్రాస్ మ్యాచ్ (ఆ రక్తం పేషెంటుకి సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) అయింది, బ్యాగు మన చేతిలో ఉంది. మూడో గడిలో ఎన్ని బ్యాగులో అంకె రాస్తాం. "చెప్పాం" అనే మాట ఆ బోర్డు దగ్గర ఎవరూ వాడకూడదు.

పేషెంటు లోపలికి వచ్చాక, మత్తు ఇవ్వకముందు

అవునో కాదో చెప్పే ప్రశ్న పేషెంటుని అడగకండి. భయంతో ఉన్న మనిషి దేనికైనా ఆయ్ అంటుంది. "మీరు సత్యవతి గారే కదా?" ఆయ్. "ఏమీ తినలేదు కదా?" ఆయ్. "కుడి పక్కనే కదా?" ఆయ్. మన ఊళ్లలో ఒకే రోజు లిస్టులో ఇద్దరు సత్యవతులు ఉండడం వింతేం కాదు. ఒకసారి ఒక ఇంటిపేరుతోనే ఇద్దరు వచ్చారు, తోడికోడళ్లు. ఇలా అడగండి:

"మీ పేరు, ఇంటిపేరు చెప్పండమ్మా. మీ ఆయన పేరేంటి? ఇవాళ మీకు ఏ ఆపరేషన్ చేస్తున్నాం? ఎటు పక్క, చెయ్యి పెట్టి చూపించండి. ఆఖరున ఏం తిన్నారు, ఎన్నింటికి? ఏం తాగారు?"

ఆ చివరి రెండూ విడివిడిగా అడగాలి. "ఏమీ తినలేదండి" అన్న పెద్దావిడ "ఏం తాగారు?" అనగానే "గ్లాసుడు టీ అండి, టీ లెక్కలోకి రాదు కదండీ" అంది. పాలు పోసిన టీ తిండి కిందే లెక్క అని మత్తు డాక్టర్ గారు ఆ కేసుని మధ్యాహ్నానికి జరిపారు. మందు పడకపోవడం గురించి కూడా "ఎలర్జీ ఉందా?" అంటే లేదంటారు. "ఏ ఇంజెక్షన్‌కైనా ఒళ్లు దద్దుర్లు ఎక్కిందా, ఊపిరాడలేదా?" అని అడగండి.

కుడి ఎడమలు ఉన్న కేసైతే చెరగని మార్కర్‌తో గుర్తు పెట్టాలి. చేసే డాక్టర్ గారే, పేషెంటు మెలకువగా ఉండగా, వార్డులోనే. ఇంటూ గుర్తు వద్దు, "ఇక్కడ కాదు" అని కూడా చదువుకోవచ్చు దాన్ని. బాణం వేయండి. గుడ్డలు కప్పేసిన తర్వాత, బెటాడిన్ పూసిన తర్వాత కూడా కనిపించేంత దగ్గరగా ఉండాలి. మత్తు యంత్రం చూసుకోవడం, పల్స్ ఆక్సీమీటర్ పెట్టి పని చేస్తోందని ఖాయం చేసుకోవడం, ఊపిరి గొట్టం వేయడం కష్టమయ్యేలా ఉందా అన్నది, ఇవన్నీ ఈ దశలోవే, కానీ అవి మత్తు డాక్టర్ గారు చూసుకుంటారు. మీరు వాటిని పైకి చెప్పించాలి, అంతే. (ఆషాఢంలో వచ్చేవాళ్లకి గోరింటాకు ముదురుగా పండి ఉంటుంది, ఆక్సీమీటర్ రీడింగ్ తేడాగా ఉంటే గోరింటాకు లేని వేలికి మార్చి చూడండి.) అర లీటరు దాటి రక్తం పోవచ్చనుకుంటే, చిన్నపిల్లలకైతే ఒంటి బరువు కిలోకి 7 ఎంఎల్ లెక్కన, నరంలోకి రెండు పెద్ద సూదులు ముందే ఎక్కించి ఉండాలి.

కోత పెట్టేముందు ఒక్క నిమిషం

అందరి చేతులూ ఆగాలి. పక్కన ట్రేలు సర్దుతూ, ఫోన్ మాట్లాడుతూ ఉంటే ఇది జరిగినట్టు కాదు. మా దగ్గర నేను "ఒక్క నిమిషం అండీ, అందరూ" అంటాను, రేడియోలో పాట ఉంటే ఆపేస్తాను. అప్పుడు ఒక్కొక్కరూ పేరు, పని చెప్పాలి.

ఇక్కడే అందరికీ నవ్వొస్తుంది. "పదేళ్లుగా తెలిసినవాళ్లం, పేర్లేంటి సిస్టర్" అంటారు. తెలిసినవాళ్లకి కాదు అది, కొత్త అమ్మాయికి. మొదటి నిమిషంలో ఒకసారి గొంతు పైకి వచ్చిన మనిషి, గంట తర్వాత తేడా కనిపిస్తే మళ్లీ నోరు విప్పుతుంది. అసలు నోరే విప్పని మనిషికి కష్టం. కాబట్టి ముందుగా చిన్నవాళ్లతో మొదలుపెట్టించండి, సర్జన్ గారు ఆఖరున.

తర్వాత పేషెంటు పేరు, ఆపరేషన్, ఏ పక్క అన్నది మళ్లీ. యాంటీబయాటిక్ ఇచ్చి 60 నిమిషాలు దాటలేదు కదా అని కాకుండా "ఎన్నింటికి ఇచ్చారు?" అని. ఎక్స్‌రేనో స్కానో ఈవిడదేనా అన్నది ఫిల్మ్ మీద పేరు చదివి. సర్జన్ గారు కష్టమైన భాగం ఏదో చెప్పాలి, మత్తు డాక్టర్ గారు తన భయమేదో చెప్పాలి, సిస్టర్ ఆటోక్లేవ్ ఇండికేటర్ (సామాన్లు ఆవిరిలో శుద్ధి అయ్యాయో లేదో చూపే పట్టీ) రంగు మారిందో లేదో చెప్పాలి. అంతా కలిపి నిమిషంన్నర. ఆఖరున మా సర్జన్ గారు ఒక వాక్యం కలుపుతారు, చెక్‌లిస్టులో లేదు, కానీ నాకు అన్నిటికంటే విలువైంది అదే అనిపిస్తుంది: "ఏదైనా తేడా కనిపిస్తే ఎవరైనా చెప్పండి, నేను కోప్పడను." కోప్పడతారనుకోండి, అది వేరే సంగతి. కానీ చెప్పినవాళ్ల మీద కాదు.

చెప్పిన మాట తిరిగి చెప్పడం

పేరు పెట్టి పిలవాలి, విన్నవాళ్లు అదే మాట తిరిగి అనాలి, అయ్యాక అయిందని చెప్పాలి. మూడు ముక్కలే.

"సిస్టర్, ఆక్సిటోసిన్ అయిదు యూనిట్లు, మెల్లగా."
"ఆక్సిటోసిన్ అయిదు యూనిట్లు, మెల్లగా ఇస్తున్నాను డాక్టర్ గారూ."
"ఆక్సిటోసిన్ అయిదు యూనిట్లు ఇచ్చాను, 10.42కి."

దీని స్థానంలో మనం ఏమంటాం? "ఎవరైనా ఆ ఇంజెక్షన్ ఇవ్వండమ్మా" "ఆయ్". ఆ "ఎవరైనా" అన్నది ఎవరూ కాదు, లేదా ఇద్దరు. రెండుసార్లు ఇచ్చేసిన మందు వెనక్కి రాదు. ఇంకా మందు చెప్పేటప్పుడు "అర ఆంపూల్" అనొద్దు, ఒక్కో కంపెనీ ఆంపూల్లో ఒక్కోలా ఉంటుంది, మిల్లీగ్రాముల్లోనో యూనిట్లలోనో చెప్పండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ మాస్కు వెనక నుంచి ఒకేలా వినిపిస్తాయి. పదిహేను, యాభై అనండి, తెలుగులో ఆ గొడవే లేదు.

ఆపమని చెప్పడం

ఇదే అన్నిటికంటే కష్టం, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

2005లో ఇంగ్లండులో ఎలైన్ బ్రోమిలీ అనే ఆవిడ సైనస్ ఆపరేషన్‌కి వెళ్లింది. మత్తు ఇచ్చాక ఊపిరి గొట్టం వెళ్లలేదు. అనుభవం ఉన్న డాక్టర్లు ఆ గొట్టం వేయడం మీదే పడిపోయారు, నిమిషాలు గడిచిపోతున్న సంగతి వాళ్లకి పట్టలేదు. ఒక నర్సు గొంతు దగ్గర దారి చేసే ట్రాకియాస్టమీ సెట్ తెచ్చి, తెచ్చానని చెప్పింది. ఇంకో నర్సు ఐసీయూలో మంచం సిద్ధం చేయించింది. ఏం చేయాలో నర్సులకి తెలుసు, దాన్ని డాక్టర్ల చెవికెక్కేలా ఎలా చెప్పాలో తెలియలేదు. ఎలైన్ మళ్లీ స్పృహలోకి రాలేదు, కొన్ని రోజులకి చనిపోయింది. ఆవిడ భర్త మార్టిన్ బ్రోమిలీ విమానాలు నడిపే పైలట్. తర్వాత ఆయన ఈ విషయం డాక్టర్లకి వివరించడమే పనిగా పెట్టుకున్నారు. విమానాల వాళ్లు ఈ పాఠం అప్పటికే నేర్చుకున్నారు. 1977లో టెనెరిఫే రన్‌వే మీద రెండు జంబో విమానాలు గుద్దుకుని 583 మంది పోయారు. రన్‌వే ఖాళీ అయిందా అని అనుమానపడిన ఇంజినీరు ఒకసారి అడిగాడు, పెద్ద పైలట్ అయిందన్నాడు, అతను ఊరుకున్నాడు.

ఇప్పుడు నా సంగతి. ఒక సిజేరియన్, అర్ధరాత్రి. పొట్ట మూసేముందు మాప్‌లు (లోపల రక్తం అద్దే గుడ్డలు) లెక్కపెట్టాను, ఒకటి తక్కువ. నేనన్న మాట ఇది: "సార్, ఒకటి తక్కువ ఉన్నట్టుందేమోనండీ." సర్జన్ తల ఎత్తకుండా "సరిగ్గా చూడమ్మా" అన్నారు. చూశాను. బకెట్‌లో చూశాను, టేబుల్ కింద చూశాను, బిడ్డని చుట్టిన గుడ్డలో ఏమైనా వెళ్లిందేమోనని పరిగెత్తి అక్కడా చూశాను. వచ్చేసరికి ఆయన పై పొర కుట్టడం సగంలో ఉన్నారు. అప్పుడు నా నోరు పెగల్లేదు. ఆయన వయసు, పేరు, ఆ రాత్రి అది మూడో కేసు, ఇవన్నీ నా గొంతులో అడ్డం పడ్డాయి. మత్తు డాక్టర్ గారు నా మొహం చూసి "ఏంటి సిస్టర్?" అంటే గానీ చెప్పలేదు. కుట్లు విప్పారు. మాప్ ఎడమ పక్క పేగు వెనక సందులో ఉంది, రక్తంలో తడిసి అక్కడి రంగులోనే కలిసిపోయి.

ఇంటికెళ్లాక నా వాక్యాన్ని నేనే చాలాసార్లు అనుకున్నాను. "ఉన్నట్టుందేమోనండీ". ఉంది, ఉన్నట్టుంది, ఉన్నట్టుందేమో, ఉన్నట్టుందేమోనండీ, మూడు మెట్లు దిగాను ఒక్క మాటలో. మర్యాద కోసం మనం క్రియని అలా మెత్తబరుస్తాం. "అండీ" ఉంచుకోండి, ఏం నష్టం లేదు. "ఏమో" తీసేయండి. అంకె చెప్పండి, ఏం కావాలో చెప్పండి.

మేం ఇప్పుడు మూడు మెట్లు పెట్టుకున్నాం, కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే పైకి అనిపిస్తాం, సిగ్గు పోయేదాకా:

"సార్, మాప్ ఒకటి తక్కువండి. పది ఇచ్చాను, తొమ్మిది వచ్చాయి." ఇది సంగతి చెప్పడం.

జవాబు రాకపోతే: "సార్, నాకు భయంగా ఉంది. పది ఇచ్చాను, తొమ్మిదే ఉన్నాయి." ఇది రెండోసారి.

అయినా చేతులు ఆగకపోతే: "సార్, ఆపండి. ఇది పేషెంటుకి ప్రమాదం." ఆ "ఆపండి" విన్నాక ఎవరైనా సరే చేతులు పైకి తీయాలి, ముందు చూడాలి, తర్వాత తిట్టాలంటే తిట్టుకోవచ్చు. ఈ మాట మీద పెద్ద డాక్టర్ గారు ముందే అందరి ముందూ ఒప్పుకుని ఉండాలి. ఆయన ఒప్పుకోకపోతే? ముందు మత్తు డాక్టర్ గారిని మీ వైపు తెచ్చుకోండి, టేబుల్ దగ్గర సర్జన్‌కి సమానంగా మాట్లాడగలిగేది ఆయనే. రెండోది, పొరపాటున మీరు ఆపించి ఏమీ లేదని తేలిన రోజున ఎవరూ నవ్వకూడదు. ఆ ఒక్క నవ్వుతో ఆ అమ్మాయి ఏడాది పాటు నోరు తెరవదు.

లెక్క

మాప్, గాజ్, సూది, ఇన్‌స్ట్రుమెంట్లు. మొదలుపెట్టేముందు ఒకసారి, గర్భసంచో పొట్టో మూసేముందు ఒకసారి, చర్మం కుట్టేముందు ఒకసారి. ఇద్దరు కలిసి, పైకి, ఒకటి రెండు మూడు అని, ప్రతి మాప్ విడదీసి చూపిస్తూ. కట్ట మీద అయిదు అని రాసి ఉంది కదా అని అయిదు అనుకోవద్దు, నేను నాలుగు ఉన్న కట్ట చూశాను. మధ్యలో ఇచ్చినవి వెంటనే బోర్డు మీదకెక్కాలి. సిస్టర్ డ్యూటీ మారితే లెక్క మొదటి నుంచి. ఎక్స్‌రేలో కనిపించే దారం ఉన్న మాప్‌లే కొనమని మేనేజ్‌మెంట్‌ని పోరండి. లెక్క తేలకపోతే బకెట్, చెత్తబుట్ట, కప్పిన గుడ్డల మడతలు, చెప్పుల కింద, అన్నీ చూసి, అప్పటికీ దొరక్కపోతే పేషెంటు టేబుల్ దిగకముందే ఎక్స్‌రే. చెత్తబుట్ట కేసు అయ్యేదాకా థియేటర్ దాటి వెళ్లకూడదు, థియేటర్ బాయ్‌కి ఇది గట్టిగా చెప్పి ఉంచండి.

బయటికి పంపేముందు

చేసిన ఆపరేషన్ పేరు సర్జన్ గారితో పైకి చెప్పించి రాసుకోండి, అనుకున్నదీ చేసిందీ ఒకటి కాకపోవచ్చు. బయాప్సీ సీసా మీద పేరు, ముక్క ఎక్కడిదో, తేదీ, అక్కడే రాసి పైకి చదవాలి. తర్వాత రాద్దామని కిటికీలో పెట్టిన రెండు సీసాలు సాయంత్రానికి ఎవరివో తెలియని రెండు సీసాలవుతాయి. పాడైన సామాను ఏదైనా ఉంటే అప్పుడే రాయండి, రేపు అదే కాటరీ పెన్సిల్ (కరెంటుతో కాల్చి రక్తం ఆపే పరికరం) ఇంకొకరికి వాడతారు.

వార్డు సిస్టర్‌కి అప్పగించేటప్పుడు కేస్ షీట్ చేతిలో పెట్టి "అంతా బాగానే ఉంది" అని వెళ్లిపోవద్దు. ఏం చేశాం, ఎంత రక్తం పోయింది, ఏం ఇచ్చాం, ఎన్నింటికి, ఏది చూస్తూ ఉండాలి, ఏది కనిపిస్తే ఎవరికి ఫోన్. విన్నావిడ తిరిగి చెప్పాలి.

రాత్రి ఫోన్

రాత్రి రెండు గంటలకి వార్డు నుంచి వెళ్లే ఫోన్ మామూలుగా ఇలా ఉంటుంది: "డాక్టర్ గారూ, మూడో నంబర్ ఆవిడ కొంచెం డల్‌గా ఉందండి." "సెలైన్ ఎక్కించమ్మా." "ఆయ్." ఇద్దరూ పడుకుంటారు, ఆవిడ ఒక్కతే మెలకువగా ఉంటుంది.

ఫోన్ చేసేముందు నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు ఏమైంది, ముందు కథ ఏమిటి, నాకేమనిపిస్తోంది, మీ నుంచి నాకేం కావాలి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి ఇది, తర్వాత అక్కడి ఆసుపత్రులు పట్టుకున్నాయి, ఆ నాలుగు ముక్కల ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి దాన్ని ఎస్‌బీఏఆర్ అంటారు. మన భాషలో ఇలా వస్తుంది:

"మేడమ్, వార్డు నుంచి మాట్లాడుతున్నాను. మూడో మంచం ఆవిడ పల్స్ 124, బీపీ 90కి 60, గంటలో మూడు ప్యాడ్లు తడిశాయి. సాయంత్రం ఆరింటికి సిజేరియన్ అయింది, రెండోది. రక్తం ఎక్కువ పోతోందని నాకు భయంగా ఉంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. వచ్చేలోపు నేనేం ఇవ్వాలి?"

ఆ "మీరు వచ్చి చూడాలి" అన్న వాక్యం రాదు నోటికి, నాకు తెలుసు. అందుకే ఆ కాగితం ఫోన్ పక్కన అతికించి పెట్టాం, చూసి చదవడమే.

ఒక నోటు పుస్తకం

ఆఖరి కేసు అయ్యాక రెండు నిమిషాలు నిలబడి, ఇవాళ ఏది బాగా జరిగింది, ఏది తప్పబోయి తప్పింది అని ఒక పుస్తకంలో రాయండి. పేర్లు వద్దు, సంఘటన చాలు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఆపరేషన్ ముందు, తర్వాత ఇలా కూర్చుని మాట్లాడుకునే ట్రైనింగ్ ఇచ్చారు. 2010లో వచ్చిన లెక్క ప్రకారం ట్రైనింగ్ ఇచ్చిన 74 చోట్ల మరణాలు 18 శాతం తగ్గాయి, ఇవ్వని చోట్ల 7 శాతం.

మా పుస్తకం రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్, మత్తు ట్రాలీ కింది అరలో ఉంటుంది. మొదటి ఆర్నెల్లు అందులో రాసింది నేనొక్కదాన్నే. పోయిన నెలలో తెరిచి చూస్తే థియేటర్ బాయ్ అక్షరాలు కనిపించాయి: "ఇవాళ ఎడమ కాలు బదులు కుడి కాలు గొరిగాను. సిస్టర్ గారు చూడలేదు. నేనే చెప్పాను."